నున్సియా నోరు మెదపని పూట

నున్సియా నోటికి మా వీధంతా జడిసేది. చర్చిలో ఫాదరు ప్రసంగం సాగదీస్తే మూడో వరసలో కూర్చుని గట్టిగా ఆవలించేది, ఆయన గతుక్కుమని ఆమెన్ చెప్పేసేవాడు. చేపలవాడు ఆవిడ గుమ్మం ముందుకొచ్చేసరికి తూకం తిన్నగా వేసేవాడు. పందొమ్మిదేళ్ళ వయసులో ఇటలీలోని కలబ్రియా కొండల మీద రొక్కాసెర్రా అనే ఊరి నుంచి, ఫోటోలో తప్ప చూడని గయెతానోని కట్టుకుని అమెరికాలో ఓడ దిగింది. తర్వాత బతుకంతా చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టింది. కుట్టీ కుట్టీ మెడ ఒక పక్కకి ఒరిగిపోయింది గానీ నోరు మాత్రం చెక్కుచెదరలేదు. అలాంటి మనిషి జన్మలో ఒకే ఒక్క పూట, మాట్లాడి తీరాల్సిన చోట, మాట్లాడలేదు. ఆవిడ గురించి చెప్పాలంటే ఆ పూట గురించే చెప్పాలి. తక్కినదంతా కాలర్లూ, టమాటా పులుసూ.

ఆవిడ పక్కింటివాడు ఒరెస్తే. గయెతానోలాగే అతనిదీ రొక్కాసెర్రానే. నున్సియా కూతురికి జ్ఞానతండ్రి కూడా. జ్ఞానస్నానం నాడు బిడ్డని ఎత్తుకున్నవాడు మావాళ్ళకి తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. అప్పట్నుంచి చచ్చేదాకా ఆవిడ అతన్ని 'కొంపారే' అనాలి, అతను ఆవిడని 'కొమారే' అనాలి. తిట్టుకునేటప్పుడు కూడా అలా పిలుచుకునే తిట్టుకోవాలి. వాళ్ళిద్దరూ ఆ మర్యాద ఎన్నడూ తప్పలేదు.

ఒరెస్తే పెరట్లో ఒక అంజూరపు చెట్టు ఉండేది. అతని తండ్రి రొక్కాసెర్రా నుంచి కోటు అస్తరులో కుట్టుకుని తెచ్చిన పుల్ల అది. మా వీధిలో ఇంటికో అంజూర ఉంది, అవన్నీ ఎక్కడెక్కడివో. ఒరెస్తే చెట్టు కాయ అలాంటిది కాదు. పైకి నల్లగా, లోపల ఎర్రగా ఉండి, చీల్చగానే వేళ్ళకి తేనె అంటుకునేది. ఆగస్టు వచ్చిందంటే అతను కంచె దగ్గర కుర్చీ వేసుకుని, ఇవతల నున్సియా చూస్తుండగా ఒక్కొక్కటే తినేవాడు.

"ఈ ఏడు మరీ తీపెక్కాయి కొమారే. పళ్ళు జివ్వుమంటున్నాయి."

"జివ్వుమనేవి ఊడిపోతే బాగుండు కొంపారే," అనేది ఆవిడ.

కాయలంటే ఫాదరుకో నాలుగు, డాక్టరుకో నాలుగు పంపేవాడు. కొమ్మ మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. కొమ్మ ఇస్తే ఎదుటివాడి పెరట్లో కూడా అదే చెట్టు లేస్తుంది, ఇక తన గొప్పేముందని అతని బాధ.

మా ఊరి చలికి అంజూర తట్టుకోలేదు. అందుకని మావాళ్ళు దాన్ని పాతిపెడతారు. నవంబరులో పునీత మార్టిను పండగ వెళ్ళగానే కొమ్మలన్నీ తాడేసి బిగించి, ఒక పక్క వేళ్ళు నరికి, చెట్టుని అమాంతం గోతిలోకి వంచి, పైన ఎండుటాకులూ చిరిగిన తివాచీలూ రేకులూ కప్పి మన్ను పోస్తారు. మార్చిలో పునీత యోసేపు పండగనాడు తవ్వి లేపుతారు. చలికాలమంతా మా పెరళ్ళు చూస్తే ఇంటికో శవాన్ని పూడ్చినట్టుంటుంది. గోతి అడుగున వేసేది మిల్లు బూడిద. వీధి చివర ఇత్తడి మిల్లు నడిచినన్నాళ్ళూ కొలిమి బూడిద పనివాళ్ళకి ఉచితం, ఎవడు ఎంత మోసుకోగలిగితే అంత. వేళ్ళకి వెచ్చగా ఉంటుందని మావాళ్ళ నమ్మకం. చెట్టంటే ఎంత ప్రాణమైతే అంత బూడిద పోసేవాళ్ళు. ఒరెస్తే పనిచేసింది కొలిమి దగ్గరే కాబట్టి తోపుడుబండ్ల కొద్దీ తోలుకున్నాడు.

గయెతానోది కూడా ఆ మిల్లే. ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. మేడమీద గదిలో పడుకుంటే కిటికీలోంచి కనబడేది ఒరెస్తే చెట్టొక్కటే. ఒకరోజు దగ్గు మధ్యలో, "మా ఊరి అంజూర మన పెరట్లో చిగురేస్తే చూసి పోదును," అన్నాడు. నున్సియా అప్పటిదాకా ఎవరి ముందూ చెయ్యి చాచిన మనిషి కాదు. ఏప్రను విప్పి, జుట్టు దువ్వుకుని, కంచె దాకా వెళ్ళింది.

"ఒక్క కొమ్మ కొంపారే. నాకు కాదు, గయెతానోకి."

ఒరెస్తే చాలాసేపు ఆవిడ మొహం చూశాడు. ఆ మొహం అలా అడగడం అతనికి కాయకన్నా తియ్యగా ఉండి ఉంటుంది. మర్నాడు నిజంగానే ఇచ్చాడు, జానెడు కొమ్మ, తడిగుడ్డలో చుట్టి మరీ. నున్సియా ఇంట్లోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. ఇన్నాళ్ళూ వీణ్ణి ఎన్ని మాటలన్నానని నొచ్చుకుంది కూడా. ఒలీవ నూనె డబ్బాలో మన్ను నింపి కొమ్మ గుచ్చింది. రెండు వేసవులు నీళ్ళు పోసింది. గయెతానో రోజూ పైనుంచి "చిగురేసిందా?" అని కేకేసేవాడు. "వేస్తుంది, తొందరేమిటి," అనేది. వెయ్యలేదు. రెండో చలికాలంలో అతను పోయాడు.

ఆ మార్చిలో, మావాళ్ళ క్లబ్బులో యోసేపు పండగ భోజనాలప్పుడు, వైను ఎక్కువై ఒరెస్తే నోరు జారాడు. కొమ్మ ఇచ్చేముందు దాని మొదలుని సలసల మరిగే నీళ్ళలో ముంచాడట.

"మాకరోనీ ఉడికించినట్టు ఉడికించా! పాపం కొమారే, దానికి రెండేళ్ళు నీళ్ళు పోసింది!"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నవ్వకూడదని తెలిసే నవ్వారు. నున్సియా సరిగ్గా అతని వెనకే క్రీము బూరెల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. ముందుకొచ్చి అతని పళ్ళెంలో రెండు పెట్టి, "తిను కొంపారే," అంది. ఇక తుఫానేనని అందరం కాచుకున్నాం. ఏమీ రాలేదు. నిజానికి అప్పుడే భయపడాల్సింది. మాకెవ్వరికీ ఆ బుద్ధి పుట్టలేదు.

మిల్లు మూతబడి, దాని గోడల మీద పిచ్చిచెట్లు మొలిచాక, సర్కారు పెద్దలకి ఆ స్థలం గుర్తొచ్చింది. నది ఒడ్డున కొత్త ఇళ్ళు కడతారట, నడకదారి వేస్తారట. ముందు నేలని శుభ్రం చెయ్యాలట, మిల్లు స్థలంతో పాటు మా పెరళ్ళు కూడా. మేము ఊపిరితిత్తులు పాడుచేసుకున్నన్నాళ్ళూ గుర్తురాని శుభ్రం, కొత్తవాళ్ళు కాపురానికొస్తారనగానే గుర్తొచ్చింది. చర్చి కింది హాల్లో సభ పెట్టి, తెర మీద మా వీధి పటం వేసి, విషం ఉన్నచోటల్లా ఎరుపు పూసి చూపించారు. మా వీధి టమాటా పులుసంత ఎర్రగా ఉంది. సీసమట, కాడ్మియమట, అంతా బూడిదలోంచి దిగిందట.

వెనక నుంచి ఓ పెద్దాయన లేచాడు. "నా టమాటాలు నీ తలకాయంత కాస్తాయి పిల్లా. విషమే ఉంటే అలా కాస్తాయా?"

"కాస్తాయండీ," అంది తెర పక్కన నిలబడి పటం చూపిస్తున్న సర్వే అమ్మాయి మెల్లగా. "అదే వచ్చిన చిక్కు."

ప్రతి పెరడూ రెండడుగుల లోతున తవ్వి ఆ మన్ను తీసుకుపోతామన్నారు. కొత్త మన్ను పోస్తామన్నారు. కూరపాదులు పోతాయన్నారు. చెట్లుంటే ముందే చెప్పండి, చుట్టూ చేత్తో తవ్వుతామన్నారు. ఒరెస్తే చెవికి 'పోతాయి' అన్న ముక్కొక్కటే ఎక్కింది. బూడిదంతా ఉన్నది తన చెట్టు కిందే, చూశారంటే వేళ్ళతో పీకేస్తారని అతని గుండెలో రాయి పడింది. "ఉచితమని మిల్లువాడు ఇచ్చిందే విషమైతే, కాపాడతామని వీళ్ళిచ్చే మాటని నమ్మమంటారా?" అన్నాడు క్లబ్బులో. అందులో మాత్రం తప్పు పట్టలేం.

సర్వే అమ్మాయి అతని పెరట్లోకి వచ్చేసరికి చెట్టు గోతిలో ఉంది. ఒరెస్తే దిబ్బని చదును చేసి, పైన చెక్కలు పరిచి, పాత స్నానాల తొట్టి ఒకటి బోర్లించి, దాని చుట్టూ కట్టెలు పేర్చేశాడు.

"చెట్లేమైనా ఉన్నాయాండీ?"

"ఒకటుండేది. నరికేశా."

నున్సియా కంచె ఇవతల ఆకులు ఊడుస్తూ అంతా వింది. ఒరెస్తే ఆవిడకేసి చూసి కన్ను కొట్టాడు. ఇలాంటి విషయాల్లో మా వీధివాళ్ళు ఒకరినొకరు బయటపెట్టుకోరన్న ధీమా అతనిది. తవ్వకం మా వరసకొచ్చేది ఏప్రిల్లో అని చెప్పి ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. ఈలోపు మార్చిలో చెట్టు లేపి, పీపాలో పెట్టి, నది అవతల చెల్లెలి ఇంటికి చేర్చాలని ఒరెస్తే పథకం.

ఆ ఏడు మంచు తక్కువ పడింది. పని ముందుకు జరిగింది. ఫిబ్రవరి పోతూ పోతూ ఉండగానే లారీలు మా వీధి మొదట్లోకి వచ్చేశాయి. అదే ఉదయం ఒరెస్తేకి కడుపులో పిత్తం సంచి పగిలినంత పనై, కేకలు పెడుతుంటే అంబులెన్సు వచ్చింది. స్ట్రెచర్ మీద కంచె పక్కనుంచి మోసుకెళ్తుంటే ఆపమని చెయ్యెత్తాడు. ఒళ్ళంతా చెమట.

"కొమారే. వాళ్ళొస్తే చెప్పు. చెట్టుందని చెప్పు."

"ఏ చెట్టు?" అంది నున్సియా.

"ఇప్పుడు ఏడిపించకు. నీ కాళ్ళకి దణ్ణం పెడతా. కింద పడుకోబెట్టానని చెప్పు. నేను చేసిన వెధవపనికి నన్ను తిట్టు, ఉమ్మెయ్యి, చెట్టుని మాత్రం ఏమీ కానివ్వకు. మా నాన్న తెచ్చింది."

నున్సియా వంగి, దుప్పటి అతని గడ్డం దాకా లాగి సర్దింది. "నిశ్చింతగా వెళ్ళు కొంపారే. నేను లేనూ?" అంది.

ముందు ఆవిడ పెరడు తవ్వారు. ముసుగులు కట్టుకున్న తెల్లబట్టల మనుషులు వచ్చి, పాత మన్నంతా ఎత్తుకుపోయి, నల్లటి కొత్త మన్ను పోసి చదును చేశారు. అంత మెత్తటి మన్ను ఆవిడ అమెరికాలో ఎన్నడూ చూడలేదు. సాయంత్రాలు దాని గట్టున నిలబడి కంచె అవతల స్నానాల తొట్టికేసి చూసేది. కసి ఒక్కటే అయితే బహుశా కరిగిపోయేదేమో. దాని పక్కన ఒక ఆశ కూడా వచ్చి కూర్చుంది. మన్ను తవ్వే మర దవడ పడితే చెట్టు ఎలాగూ విరుగుతుంది. విరిగినప్పుడు ఒక కొమ్మైనా కంచె పక్కన పడుతుంది. అది తీసుకొచ్చి ఈ మన్నులో గుచ్చితే, రొక్కాసెర్రా అంజూర ఇక తన పెరట్లోనే ఉంటుంది, వాడి పెరట్లో ఉండదు. అప్పుడు కుర్చీ వేసుకుని తినేది తను, చూసేది వాడు. తప్పని ఆవిడకి తెలుసు. తెలిసీ రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

ఒరెస్తే పెరడు వంతు వచ్చిన ఉదయం, మేస్త్రీ హాలోరన్ ముసుగు కిందికి లాక్కుని ఆవిడ తలుపు తట్టాడు. పాపం మర్యాదస్తుడు.

"అమ్మా, పక్కాయన ఆసుపత్రిలో ఉన్నాడట. ఆ కట్టెల కింద ఏమైనా ఉందంటారా? పాత బావి, పైపులు, కుక్కని పాతిపెట్టడం, అలాంటివి?"

ఒక్క మాట చాలు. ఆ మాట ఆవిడ నాలుక చివర ఉంది.

"ఏముంటుంది నాయనా, బూడిదే," అంది.

గయెతానో పడుకున్న గదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. మర తొట్టిని పక్కకి నెట్టింది, చెక్కల్ని గీకేసింది, దవడ దించింది. ముందు తివాచీ ముక్క వచ్చింది, తర్వాత రేకులు. మరోసారి దించి ఎత్తేసరికి ఏదో ఫట్‌మంది, ఆ చప్పుడు కిటికీ అద్దం దాటి వినబడింది. తాళ్ళతో బిగించిన చెట్టు మొదలు చీలి, వేలాడుతూ పైకి లేచింది. కొమ్మల చివర మొగ్గలు అప్పటికే ఆకుపచ్చగా ఉబ్బి ఉన్నాయి. తెల్లబట్టల వాళ్ళు చుట్టూ మూగారు. ఒకడు "శవమనుకున్నాన్రా బాబూ," అన్నాడు.

నున్సియా చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి కంచె దగ్గరికి పరిగెత్తింది.

హాలోరన్ తల పట్టుకుని ఉన్నాడు. "ఇంత చెట్టు పెట్టుకుని ఒక్కళ్ళూ చెప్పరేమిటమ్మా? చేత్తో తవ్వేవాళ్ళం. వెనక వీధిలో మల్బరీని అలాగే నిలబెట్టాం."

ఆ మాట విని ఆవిడ ఒక్క క్షణం తడబడింది, అంతే. "సరే, అయిందేదో అయింది. ఒక కొమ్మ ఇటు ఇవ్వు నాయనా. ఆ చివరది చాలు."

"కుదరదమ్మా. వీధి మొత్తం మీద ఈ గొయ్యే అన్నిటికన్నా పాడుది. ఇందులోంచి పుల్ల కూడా బయటికి పోకూడదు."

"పుల్లే అడుగుతున్నా. మా ఆయన ఊరి చెట్టు."

"ఇందాక ఏమీ లేదన్నారు," అన్నాడు హాలోరన్. నింద వెయ్యలేదు, అర్థంకాక అన్నాడు.

చెట్టుని మర ఎత్తి కంచె మీదుగా లారీ వైపు తిప్పుతుంటే, నున్సియా చెయ్యి చాపి అందిన రెమ్మని విరిచి పిడికిట్లో బిగించేసింది. పనివాళ్ళలో ఒకడొచ్చి, లావాటి రబ్బరు తొడుగుల చేతులతో ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటే విప్పదీశాడు. "సారీ అమ్మా, సారీ అమ్మా," అంటూనే రెమ్మ లాక్కుని లారీలోకి విసిరాడు. గొట్టం తెచ్చి ఆవిడ చెయ్యి మోచేతిదాకా కడిగాడు. ప్లాస్టిక్ పరిచిన లారీలో చెట్టుని తొక్కి సర్ది, నీళ్ళు చల్లి, టార్పాలిన్ కట్టి తీసుకుపోయారు. ఏ రాష్ట్రంలోనో విషాన్ని పూడ్చే గుంటలోకట. ఈసారి లేపేవాళ్ళు లేరు.

ఒరెస్తే ఆసుపత్రి నుంచి యోసేపు పండగ ముందు రోజు వచ్చాడు. పెరడంతా చదునుగా, గడ్డి గింజల మీద ఎండుగడ్డి పరిచి ఉంది. కుట్లమీద చెయ్యి పెట్టుకుని చెట్టున్న చోటు దాకా నడిచాడు. తర్వాత కంచె దగ్గరికొచ్చాడు.

"చెప్పావా?"

"అడిగారు. ఏమీ లేదన్నా." అంది నున్సియా. "నరికేశానని నువ్వే చెప్పావుగా కొంపారే. నీ మాట అబద్ధం చెయ్యమంటావా?"

అతను ఏడుస్తాడనుకుంది. ఏడవడం చూడాలని ఎదురుచూసింది. ఏడవకపోయేసరికి ఇంకా పొడిచింది. "గయెతానో పోయేరోజు దాకా అడిగాడు చిగురేసిందా అని. ఇప్పుడు నువ్వడుక్కో, మీ నాన్న చెట్టు ఎక్కడుందో."

ఒరెస్తే నవ్వాడు. కుట్లు లాగుతుంటే పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు.

"పిచ్చి కొమారే. వాడికి తెలీదనుకున్నావా? ఉడికించిన రోజే చెప్పా. నువ్వు చేపలకి వెళ్ళావు, నేను పైకెళ్ళి చెప్పా. దగ్గొచ్చేదాకా నవ్వాడు. 'దానితో అనకురా, నీళ్ళు పోస్తూ ఉండనీ, ఆ కాసేపైనా నా మంచం దగ్గర నోరు మూసుకుంటుంది' అన్నాడు. రోజూ ఎందుకు అడిగేవాడనుకున్నావు? నీ మొహం చూడ్డానికి."

"అబద్ధం."

"సరే, అబద్ధమే," అనేసి అతను లోపలికి పోయాడు.

అబద్ధమే అయ్యుండాలి. ఒరెస్తే అవసరానికి ఎంతకైనా దిగజారే మనిషని వీధికంతా తెలుసు. అయినా ఆ రోజు నుంచి ఆవిడకి నిద్ర లేదు. గయెతానో పైనుంచి కేకేసిన ప్రతిసారీ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకునేది. నవ్వుతూ అడిగేవాడా, ఆశగా అడిగేవాడా? ఆ గొంతులో ఏదో సన్నటి వణుకు ఉండేది. అది దగ్గనే అనుకుంది అన్నాళ్ళూ. సంగతి తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకడు సమాధిలో ఉన్నాడు, ఒకడు అబద్ధాలకోరు.

మిల్లు స్థలంలో కొత్త ఇళ్ళు లేచాయి. నది ఒడ్డున బలిసిన కుక్కల్ని తిప్పుకుంటూ కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళు మా వీధిలోంచి పోతూ, ఎంత పచ్చగా ఉన్నాయో మీ పెరళ్ళు అని మెచ్చుకునేవాళ్ళు. ఒకే రకం గడ్డి, ఒకే ఎత్తున, ఈ కొస నుంచి ఆ కొసదాకా. ఒక్క అంజూర కూడా లేదు. కొత్త మన్నులో గొయ్యి తవ్వడానికి మావాళ్ళకి చేతులు రాలేదు, మిగిలినవన్నీ చలికి చచ్చాయి.

కొన్నేళ్ళకి ఒరెస్తే కాలేయం చెడి మంచాన పడ్డాడు. చెల్లెలు పోయింది, వేరే దిక్కు లేదు. రోజూ మధ్యాహ్నం నున్సియా గిన్నెలో వేడి సూపు పట్టుకుని అతనింటికి వెళ్ళడం మొదలుపెట్టింది. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. ఫాదరు ఆవిడ పేరు చెప్పకుండానే ఆవిడ గురించి ప్రసంగం చేశాడు, క్షమించడమంటే ఇదీ అన్నాడు. ఆవిడ ఆ రోజు ఆవలించలేదు.

ఆవిడ చెంచాతో తాగించేది, మూతి తుడిచేది, తర్వాత చెవి దగ్గరికి వంగేది.

"నిజం చెప్పు కొంపారే. గయెతానోకి తెలుసా?"

"ఉప్పు తక్కువైంది," అనేవాడు ఒరెస్తే, గోడ వైపు తిరిగిపోయేవాడు. మర్నాడు ఇంకాస్త ఉప్పు వేసుకుని వెళ్ళేది. అతనికి ఒంట్లో బలం తగ్గేకొద్దీ ఆవిడ సూపులో మాంసం ఎక్కువైంది. మనిషి పోతే జవాబు పోతుందని అంత జాగ్రత్తగా బతికించింది. అతనికది తెలుసు. ప్రతి చుక్కా తాగాడు, ఒక్క మాట చెప్పలేదు.

ఆఖరి రోజున చెంచా నోట్లో పెడితే సూపు పక్కకి కారిపోయింది. నున్సియా గిన్నె కింద పెట్టి, అతని భుజాలు పట్టుకుని కుదిపేసింది. "చెప్పు! చెప్పు కొంపారే, చెప్పు!" ఇంటికొచ్చి చూసిపోయే నర్సు పరిగెత్తుకొచ్చి ఆవిడని పట్టి లాగాల్సి వచ్చింది. సొంత అన్నకి కూడా ఎవరూ అంతలా ఏడవరని ఆ నర్సు వీధంతా చెప్పింది. సమాధుల దగ్గర అందరూ పక్కకి తప్పుకుని ఆవిడని ముందు నిలబెట్టారు. పెట్టె మూసేముందు ఆవిడ అతని మొహం మీదికి వంగి ఏదో అడిగింది. ముద్దు పెట్టుకుందనుకున్నారు.